విత్తనాల రోజు దాదాపీర్ అన్న

పోయిన వారం పుట్టపర్తిలో ఒక లాడ్జి ఆఫీసులో కంప్యూటరు పెట్టె విప్పాను. మూత తీయగానే వేగిన వేరుశనగ పొట్టు వాసన గుప్పుమంది. పక్కనే వంటగది. పచ్చడికి గింజలు వేయించి చేటలో చెరిగే చోటుకూ ఆ కంప్యూటరుకూ మధ్య ఒక తడిక తప్ప ఏమీ లేదు. పొట్టంతా ఫ్యాను రెక్కలకు అంటుకుని, లోపలి వేడికి రోజూ కొంచెం కొంచెంగా మాడుతోంది. లాడ్జి మేనేజరు నా వెనక నిలబడి, "మేడం, సార్ ఎవరన్నా వస్తారా, మీరే చేస్తారా?" అని అడిగాడు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మామూలుగా అయితే చురుక్కుమనే జవాబు ఒకటి చెప్పేదాన్నే. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. ఆ వాసన నన్ను నల్లమాడ గోడౌనుకు లాక్కుపోయింది. వేరుశనగ విత్తనాల గోతాలు, వాటి మధ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడిన దాదాపీర్ అన్న కళ్లముందు కదిలారు.

దాదాపీర్ అన్న పోయి రెండేళ్లు దాటింది. కొత్తచెరువు బస్టాండు వెనక సందులో ఆయన అంగడి ఉండేది. కంప్యూటర్లు బాగుచేయడం, చుట్టుపక్కల ఆఫీసులకు నెట్ వైర్లు లాగడం, అవి మొరాయిస్తే వెళ్లి దారికి తేవడం ఆయన పని. మనిషి నిలువెత్తు, గొంతు అంతకంటే పెద్దది. ఈ ఎర్రదుమ్ము నేలమీద రోజూ తెల్లచొక్కా వేసుకోవడం ఆయన మొండితనం. సాయంత్రానికి ఆ చొక్కా ఇటుక రంగుకు తిరిగేది. "రంగు చొక్కా వేసుకుంటే దుమ్ము కనపడదు కదన్నా" అని ఒకసారి అన్నాను. "కనపడకపోతే ఉతికేదెట్లమ్మా?" అన్నాడు. టీలో చక్కెర చాలలేదని హోటలువాడితో రోజూ గొడవే. కోపం ఇట్టే వచ్చేది, అట్టే పోయేది. నాకు వచ్చిన కోపం ఒక పట్టాన పోదు. బహుశా అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

మాది నల్లమాడకు దగ్గర్లో చిన్న పల్లె. డిప్లొమా చదివి ఇంట్లో కూర్చున్నాను. ఎక్కడ పని అడిగినా, ఆడపిల్ల నిచ్చెనెక్కి వైర్లు లాగుతుందా అన్నారు. నాయన నన్ను వెంటబెట్టుకుని కొత్తచెరువు తీసుకొచ్చి దాదాపీర్ అన్న అంగడి ముందు నిలబెట్టాడు. అన్న నన్ను చూడలేదు. చేతిలో ఉన్న ప్రింటరును తిరగేస్తూ అడిగాడు.

"చెట్లెక్కేది వచ్చునామ్మా?"

"చింతకాయలు దులిపేది ఎవరనుకున్నారు?" అన్నాను. నాయన నా మోచేయి గిల్లాడు.

"నోరుండాది. పనికొస్తాది" అన్నాడు అన్న. ఉద్యోగం అట్లా దొరికింది.

మొదటి వారంలోనే ఒక వింత పని చెప్పాడు. నల్లమాడకు వెళ్లి, గొర్రెల సుబ్బన్న అనే ఆయన ఇల్లు ఎక్కడో కనుక్కుని, ఆయన ఇంట్లో ఒక పాత మోడెం ఉంటే తీసుకురమ్మన్నాడు. ఫోన్ చేయకూడదు. మా మండలమే కదా, చిటికెలో వస్తానని బయల్దేరాను. బస్టాండులో కిళ్లీలమ్మే బీడాబంకు ఆయన్ను అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా పడమటి వీధి చూపించాడు. అక్కడ ఒక పెద్దాయన, "సుబ్బన్నా? పాల కేంద్రం దాటుకో" అన్నాడు. పాల కేంద్రం దగ్గర ఇంకొకాయన నన్ను మళ్లీ ఊరి మొదటికి పంపించాడు. మధ్యాహ్నం ఎండ నెత్తిన పెట్టుకుని తిరిగి తిరిగి, చివరికి ఒక ముసలవ్వ చెబితే తెలిసింది. ఆ ఇల్లు బీడాబంకు వెనకాలే ఉంది. మోడెం తెచ్చి అన్న బల్ల మీద పడేసి, "అంతమందిలో ఒక్కరన్నా తెలీదని చెప్పలేదు!" అని మండిపడ్డాను.

అన్న పగలబడి నవ్వాడు. "చెప్పరమ్మా. దారి అడిగినోళ్లకు తెలీదంటే మన ఊర్లల్లో చిన్నతనం. తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తి చూపిస్తారు. మర్యాద. నువ్వు కోపం చేసుకోవద్దు. ఈ మిషన్లు గూడా ఒకదాన్ని ఒకటి ఇట్లనే అడుగుతాయి, పేరు చెప్పి ఇల్లు యాడ అని. జవాబు వచ్చిందా లేదా అని చూసేది కాదు. జవాబు చెప్పింది ఎవరో చూడాల."

పనిలో చేరిన కొత్తలో ఇది నాకు సగమే అర్థమైంది. మిగతా సగం కొత్తచెరువులో ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో అర్థమైంది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఫోన్ చేసి నెట్ పోయిందని చెప్పింది. మేం వెళ్లేసరికి ఆమె కంప్యూటరును ఆపి మళ్లీ వేయబోతోంది. అన్న గడపలోంచే కేకేశాడు.

"ఆపొద్దమ్మా! ఉండనీ, ఉండనీ!"

ఆమె బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్న కుర్చీ నాకు చూపించి తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఆపి మళ్లా వేస్తే బాగైనా అవుతాది, ఎందుకు చెడిందో మాత్రం తెలీకుండా పోతాది. రేప్పొద్దున మళ్లా ఇదే కత. ముందు అడుగు, తర్వాత ఆపుదువు" అన్నాడు. ఏమడగాలో కూడా ఆయనే చెప్పాడు. నెట్‌లో అవతల ఉండే ఒక కంప్యూటరును ముందు పేరు పెట్టి పిలవమన్నాడు. పిలిస్తే, అలాంటి పేరు ఎవరికీ తెలియదని తెర మీద వచ్చింది. ఇప్పుడు అదే కంప్యూటరును అంకెల చిరునామాతో పిలవమన్నాడు. వెంటనే పలికింది.

"సూసినావా? దారి బాగుండాది. మనిషి ఇంట్లోనే ఉండాడు. పేరు చెప్తే ఇల్లు చూపించేవాడు ఒకడుంటాడు సూడు, వాడి దగ్గర వచ్చింది చిక్కు. నెట్ పోయిందని ఈ అమ్మాయి ఊరికే దిగులు పడింది."

మనం పేరు టైపు చేస్తే ఆ పేరుకు ఏ అంకెలో చెప్పే పని ఇంకో యంత్రానిది. దాన్ని డీఎన్ఎస్ అంటారని నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పేరు తప్పిందా, దారి తప్పిందా అని ముందుగా విడదీసి చూడడం నాకు ఆ క్లినిక్‌లో వచ్చింది. ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా, ఎంత పెద్ద నెట్‌వర్కు ముందు కూర్చున్నా, నా చెయ్యి మొదట ఆ రెండు పిలుపులే పిలుస్తుంది. అంతవరకు ఎవరేం చెప్పినా చెవిన వేసుకోను.

ఇక నల్లమాడ సంగతి చెప్పాలి. అక్కడ రైతులు కలిసి పెట్టుకున్న ఒక చిన్న విత్తనాల కంపెనీ ఉండేది. వాళ్ల గోడౌనులో కంప్యూటర్ల పని మా అంగడిదే. కౌంటరులో రెండు, తూకం దగ్గర ఒకటి, అన్నిటికీ లెక్క చెప్పే పెద్ద మిషన్, దాన్నే సర్వరు అంటారు, మేనేజరు గదిలో. కౌంటరు కంప్యూటరు ఆ పెద్ద మిషన్‌ను పేరుతో పిలిచి, అది పలికితేనే బిల్లు వేస్తుంది. బిల్లు లేనిదే గోతం గడప దాటదు.

ఆ ఏడు చాలా రోజులు మబ్బులు మోసం చేశాక, ఒక రాత్రి మంచి వాన పడింది. మా వైపు వాళ్లకు ఆ మాట చెబితే చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎర్ర గరుసు నేలలో వాన నీరు నిలవదు. విత్తనం వేయడానికి కావలసిన తడిని పదును అంటాం. ఆ పదును ఒకటి రెండు రోజులు ఉంటే గొప్ప. ఆ లోపల విత్తిన చేను ఒక ఎత్తు, విత్తని చేను ఒక ఎత్తు. మళ్లీ వాన ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ రోజు తెల్లారకముందే గోడౌను ముందు చెప్పులు బారులు తీరాయి. ఇది మా దగ్గరి పద్ధతి. మనిషి ఎండలో నిలబడకుండా తన చెప్పుల్ని వరుసలో విడిచి నీడకు పోతాడు. చెప్పులు లేనివాళ్లు రాయి పెడతారు. కౌంటరు తెరవగానే ఎవరి చెప్పుల్లో వాళ్లు వచ్చి నిలబడతారు. ఎవరూ ఇంకొకరి చెప్పులు జరపరు.

మాకు ఫోన్ వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కౌంటరు తెరిచినప్పుడు ఒక కంప్యూటరు నెమ్మదిగా ఉందట. మేనేజరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే, ఆపి మళ్లీ వేయమన్నారు. వేశారు. ఆ ఒక్కటీ పెద్ద మిషన్‌ను గుర్తుపట్టడం మానేసింది. దాన్ని చూసి రెండోదాన్నీ ఆపి మళ్లీ వేశారు. అదీ అంతే. ఇక ఉదయమంతా ఆపడం, వేయడం. అన్న బండి ఎంత వేగంగా తోలాడంటే, వెనక కూర్చున్న నేను దారి పొడుగునా తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకుంటూ వచ్చాను.

గోడౌను ముందు చెప్పుల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరూ నీడలో లేరు. కౌంటరులో ఆపరేటరు భారతి ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది. కిటికీ అవతలి నుంచి ఒకామె గట్టిగా నిలదీస్తోంది. ఆమె పేరు ఓబుళమ్మ అని తర్వాత తెలిసింది. నడివయసు మనిషి, కొంగు నడుముకు బిగించింది.

"సర్వరు లేదంటావు! గోతాలు కండ్లకు కనపడతాండాయి గదమ్మా! లోపల మీవోళ్లకు ఇచ్చుకోని మాకు సర్వరు కత చెప్తాండారా?"

"లేదక్కా, నిజంగా పలకడం లేదు" అంది భారతి.

"నేను ఎద్దులు, ఇత్తే గొర్రు మాట్లాడి పెట్టుకోని వచ్చినాను. మా ఆయన చేన్లో కాడి కట్టుకోని నిలబడుకోనుండాడు. ఈ పొద్దు మాకు, రేపు ఇంకొకరికి పోతాయి ఆ ఎద్దులు. పైచేను గరుసు. మాపటికి ఆరిపోతాది. నీ సర్వరు పలికేదాక పదును నిలబడుకుంటాదా?"

దాదాపీర్ అన్న లోపలికి వచ్చి, మామూలుగా చేసే పరాచికాలేవీ లేకుండా, "సరళా, పిలువు" అన్నాడు. కౌంటరు కంప్యూటరు ముందు కూర్చుని పెద్ద మిషన్‌ను పేరు పెట్టి పిలిచాను. అలాంటి పేరు లేదంది. అంకెలతో పిలిచాను. పలికింది. అంటే గోడకు అవతల పెద్ద మిషన్ నిక్షేపంగా ఉంది. వైరు బాగుంది. కౌంటరు కంప్యూటర్లకు మాత్రం పేరు తెలియడం లేదు.

"తూకం కాడ మిషన్‌ను ఎవరన్నా ఆపినారా?" అని అడిగాడు అన్న.

ఎవరూ ఆపలేదు. నేను గోతాల మధ్య నుంచి పరిగెత్తి దానిమీద చూశాను. అది పేరు చెప్పగానే పెద్ద మిషన్‌ను పట్టుకుంది. ఒకే ఇంట్లో, ఒకే వైరు మీద, ఒకదానికి తెలిసిన పేరు ఇంకోదానికి తెలియకపోవడం ఏమిటి? అన్న చెప్పకముందే నాకు ఆ బీడాబంకు ఆయన గుర్తొచ్చాడు. జవాబు చెబుతున్నది ఎవరు? తూకం కంప్యూటరు పేర్లు ఎవరిని అడుగుతోందో చూశాను. గోడౌనుకు మేం పెట్టిన రూటరును అడుగుతోంది. అది సరైనదే. కౌంటరుకు తిరిగొచ్చి అదే చూశాను. అక్కడ వేరే అంకెలున్నాయి.

"అన్నా, ఇది మన రూటరు కాదు. ఇంకెవరో ఉండారు మన వైరు మీద. ఆపి వేసిన కంప్యూటర్లన్నీ వాణ్ణే అడుగుతున్నాయి. వాడికి మన పెద్ద మిషన్ పేరు తెలీదు."

నేను కనిపెట్టినదానికి నాకే ముచ్చటేసి అన్న మొహం చూశాను. శభాష్ అంటాడనుకున్నాను. ఆయన నన్ను చూడడం లేదు. కిటికీ చూస్తున్నాడు. ఆ కిటికీ మూలలోంచి ఒక నీలం వైరు బయటికి వెళ్లి, పక్కనున్న జిరాక్స్ అంగడి గోడలోకి దూరింది.

ఆ వైరు కథ నాకు తెలుసు. కొన్నాళ్ల కిందట జిరాక్స్ అంగడి నాగభూషణం నెట్ పాడైపోతే, బాగయ్యేదాకా ఒక వైరు ఇవ్వమని దాదాపీర్ అన్నను బతిమాలాడు. మా వైపు ఒకరి బోరు ఎండిపోతే పక్కచేను ఆయన పైపు వేసి నీళ్లిస్తాడు. ఆ లెక్కలోనే అన్న కిటికీలోంచి వైరు వేసిచ్చాడు. మేనేజరును అడిగాడు కూడా. అయితే నాగభూషణం రూటరుకు బయటినుంచి నెట్ తెచ్చుకునే రంధ్రం ఒకటి, లోపలివాళ్లకు పంచే రంధ్రాలు వేరే ఉన్నాయి. తొందరలో అన్న వైరును పంచే రంధ్రంలో గుచ్చాడు. అవతల నెట్ వచ్చింది కాబట్టి సరిపోయిందని వచ్చేశాడు. ఆ రోజు నుంచి నాగభూషణం రూటరు కూడా మా గోడౌను ఇంటి పెద్దలాగా, కొత్తగా లేచిన ప్రతి కంప్యూటరుకూ నన్నడుగు, నేను చెబుతాను అంటూ కూర్చుంది. రాత్రింబవళ్లు నడిచే ఆ కంప్యూటర్లను ఎవరూ ఆపనంతకాలం ఇది బయటపడలేదు. ఆ ఉదయం ఆపి వేసేసరికి రెండు రూటర్లలో ఏది ముందు పలికితే అవి దాని మాట విన్నాయి.

అన్న నడిచి వెళ్లి ఆ వైరును గోడౌను రూటరు పెట్టెలోంచి పీకేశాడు. "కౌంటరు మిషన్లతో మన రూటరును చిరునామాలు మళ్లా అడిగించు" అన్నాడు. అడిగించాను. పేరు పెట్టి పిలిచాను. పెద్ద మిషన్ పలికింది. భారతి బిల్లు వేసింది. ప్రింటరు కిర్రుమనగానే బయట వరుసంతా ఒక్కసారి కదిలింది.

మేనేజరు నుదురు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైంటిదప్పా దాదాపీరూ? బెంగళూరోళ్లదేనా తప్పు? నేను ముందే అనుకున్న్యా. లేకపోతే ఈ భారతి ఏమన్నా నొక్కిందా?"

ఆ క్షణాన అన్న ఏం చెప్పినా చెల్లిపోయేది. బెంగళూరు తప్పంటే అందరూ నమ్మేవాళ్లు. కరెంటు తప్పంటే ఇంకా బాగా నమ్మేవాళ్లు. వైరు పీకడం నేను తప్ప ఎవరూ గమనించలేదు. గమనించినా వాళ్లకు అర్థమయ్యేది కాదు. నేనైతే, అన్నా ఊరుకో, ఏదో ఒకటి చెప్పు అని లోలోపల అనుకున్నాను. ఈ ఆఫీసు చేజారితే అంగడి బాడుగకే కష్టమవుతుందని నాకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

అన్న కౌంటరు కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ పెద్ద గొంతుతో, బయట వరుసకు వినపడేలా చెప్పాడు.

"అమ్మా, అన్నా, ఇనండి. పొద్దున్నించి మీరు నిలబడుకున్యారే, అది బెంగళూరోళ్ల తప్పు కాదు. ఈ భారతి తప్పు అసలే కాదు. పక్కంగడికి వైరు ఇచ్చేటప్పుడు నేను తప్పు తూట్లో పెట్టినాను. దాంతోనే ఇదంతా నిలిచిపోయింది. చేసింది నేను."

ఇలాంటి మాట వాళ్లు విని ఎరగరు. ఎవరో తిట్టారు, ఎవరో నవ్వారు. ఓబుళమ్మ మాత్రం ఆయన్ను ఎగాదిగా చూసి, "నువ్వు చేసినావా?" అంది. "నేనేమ్మా" అన్నాడు. ఆమె తిరిగి తన చెప్పుల్లో వెళ్లి నిలబడింది. వరుసలో ఆమె చాలా వెనక ఉంది. ఆమె వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. అన్న గోతాన్ని తనే మోసుకెళ్లి ఆటోలో వేశాడు. తెల్లచొక్కా భుజం మీద పొట్టు, దుమ్ము. దులుపుకోలేదు.

నాగభూషణాన్ని కూడా ఎండగట్టి రాలేదు. అదే రోజు వెళ్లి వైరును సరైన రంధ్రంలో పెట్టి, మా కంప్యూటర్లతో కలవకుండా వేరు చేసి వచ్చాడు. నాకైతే నాగభూషణం మీద పీకలదాకా కోపం. "ఇంకా ఇస్తావా ఆయనకు?" అన్నాను. "ఇచ్చేది తప్పు కాదమ్మా. సరిగ్గా ఇయ్యకపోయేది తప్పు" అన్నాడు. నేను భయపడినట్టే కొద్దిరోజులకు మేనేజరు ఆ ఆఫీసు పనిని వేరేవాళ్లకు అప్పజెప్పాడు. అన్న ఆ కబురు ఫోన్‌లో విని, సరేనప్పా అన్నాడు. ఆ రోజు టీలో చక్కెర గురించి గొడవ పెట్టుకోలేదు. అంతే, నాకు కనపడిన బాధ అంతే.

వానలు మళ్లీ ముఖం చాటేశాయి. పైరు మోకాలి కిందికి ఉన్న రోజుల్లో ఒక పొద్దున అన్న బండి తీసి, "ఎక్కమ్మా, నల్లమాడ పోయొస్తాము" అన్నాడు.

"మనకు ఆడ పనేం లేదు కదన్నా."

"ఉండాది."

ఓబుళమ్మ చేను అడుగుతూ వెళ్లాం. ఈసారి కూడా దారిలో తెలియనివాళ్లు చెయ్యెత్తి చూపించారు. ఇద్దరం నవ్వుకున్నాం. చేను దగ్గరికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. దిగువన వేరుశనగ చిక్కగా, పచ్చగా పరుచుకుని ఉంది. ఎగువన సగం చేను ఎర్రగా, బోసిగా ఉంది. విత్తనాలు ఇచ్చిన ఆ సాయంత్రం ఓబుళమ్మ గోతంతో ఇంటికి చేరేసరికి కాడి విప్పేశారట. మర్నాడు ఎద్దులు ఇంకొకరివి. ఎలాగో బతిమాలి తెచ్చుకునేసరికి పైచేను ఆరిపోయింది. తడి ఉన్నంత మేరకు దిగువన విత్తుకున్నారు.

ఓబుళమ్మ కలుపు తీస్తున్నది లేచి, కొడవలి చేత్తోనే వచ్చింది. ఆయన్ను గుర్తుపట్టింది. "ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు?" అంది.

"సూసిపోదామని వచ్చినానమ్మా."

"సూడు" అని కొడవలితో ఎగువకు చూపించింది. "అదో, ఆ బీడు నీది."

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి ఇంత దూరం వచ్చాడు, ఉన్న పని పోగొట్టుకున్నాడు, ఇంకా ఈ మాట కూడా పడాలా? నోరు తెరవబోయాను. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టు ఎక్కి, పైచేను అంచున చాలాసేపు నిలబడ్డాడు. క్షమించమని అనలేదు. సాకులు చెప్పలేదు. ఏదో ఇవ్వబోయి తన మనసు తేలిక చేసుకోనూ లేదు. చూశాడు. అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఓబుళమ్మ కుండలో నీళ్లిచ్చింది. ఇద్దరం తాగాం. దారిలో ఆయన ఒక్కటే మాట అన్నాడు. "బిల్లు రాలేదు అంటే మనకు ఒక మాట. ఆయమ్మకు సగం చేను."

దాదాపీర్ అన్న నిద్రలోనే పోయాడు. కబురు విని కొత్తచెరువుకు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. ఆయన వైర్లు లాగిన ఆఫీసులవాళ్లు, నాగభూషణం, భారతి. ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్ల మధ్య కూర్చుని నేను కళ్లు తుడుచుకుంటుంటే, నా పక్కన ఒకామె వచ్చి కూలబడింది. ఓబుళమ్మ. ఇల్లు తెలియక ఊరంతా తిరిగి వచ్చిందట. నాకు పాత కోపం ఇంకా పోలేదు. చెప్పాను కదా, నాది అంత తొందరగా పోయే రకం కాదు.

"నీకు ఆయన మీద కోపం కదా అక్కా, ఇంత దూరం ఎందుకు వచ్చినావు?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "కోపమా? నాకెందుకమ్మా కోపం?" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నేను కాపురానికి వచ్చినప్పట్నించి ఆ చేను ఎన్నిసార్లు బీడు పడిందో నాకే తెలీదు. వాన రాకపోయె. బోరు ఎండిపోయె. ఇత్తనం మొలకరాకపోయె. ఎవర్ని అడుగుదును? వాననా? అన్నీ పోయినాయి గానీ, నావల్ల పోయిందమ్మా అని గట్టు మీదికి వచ్చి నిలబడినోడు ఆయప్ప ఒక్కడే."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఆ రోజంతా ఏడవనంత ఏడ్చాను.

అన్న అంగడి ఇప్పుడు లేదు. నేను పుట్టపర్తిలో సొంతంగా పని చేసుకుంటున్నాను. ఆయన నేర్పిన పని నా చేతుల్లో ఉంది, దానికి లోటు లేదు. అయినా మనిషిని కదా, నా వల్లా పొరపాట్లు జరుగుతాయి. ఎవరిదో బుకింగు తప్పిపోతుంది, ఎవరి పనో ఒక పూట ఆగిపోతుంది. అలాంటప్పుడు ఫోన్‌లో సర్వరు సమస్య అని చెప్పి పెట్టేయడం చాలా తేలిక. ఆ మాట నా నాలుక చివరి దాకా వస్తుంది కూడా. వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, బండి తీసి, వాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడతాను.